పాపం, ఎర్త్ తీగ చేసిన తప్పేమిటి?

నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఒక ఆడియో మిక్సర్ ప్లగ్గు విప్పి, అందులోని పచ్చ తీగను ఊడదీసి, కొసకు టేపు చుట్టి, ప్లగ్గు మళ్లీ బిగించేశాను. అంటే ఆ పరికరానికి ఎర్త్ లేకుండా చేశాను. పొరపాటున కాదు, తెలిసే చేశాను.

కారణం మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు ఒక ఆడియో తీగ కలిపాను. స్పీకర్లలో గుంయ్‌మని ఒకటే మోత. మిక్సర్‌ను విడిగా పెట్టి వింటే నిశ్శబ్దం. ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్లు తగిలించి వింటే అక్కడా నిశ్శబ్దం. విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే, కలిపి కూర్చోబెడితేనే అల్లరి. తీగ మార్చాను, స్పీకర్లు మార్చాను, మిక్సర్‌ను తిట్టుకున్నాను. చివరికి విసిగిపోయి ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే మోత టక్కున ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ మొదలు. ఇలాంటి విషయాల్లో చెయ్యి తిరిగిన పెద్దమనిషి ఒకాయన, "మిక్సర్‌కు ఎర్త్ తీసేయండి, పోతుంది" అన్నాడు. తీసేశాను. పోయింది. ఆ సాయంత్రం నేను పడిన గర్వం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండు వారాల తర్వాత ల్యాప్‌టాప్‌తో పని లేకపోవడంతో ఆ ఆడియో తీగను ఊడదీసి, మైకు ఒక్కటే పెట్టుకుని మాట్లాడుతున్నాను. ఎడమచేయి పక్కనున్న మరో కంప్యూటర్ ఇనుప పెట్టె మీద ఉంది. పెదవి మైకు జాలీకి తగిలింది. జివ్వుమని పెదవి మీద చీమల దండు పాకినట్టయింది. దెబ్బ పెద్దది కాదు. కాని దాని అర్థం ఏమిటో తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ తర్వాత చాలాసేపు చేతులు వణికాయి.

అప్పటిదాకా మిక్సర్‌కు ఎర్త్ లేదనే నేను అనుకుంటున్నాను. నిజానికి అది అడ్డదారిలో అందుతూనే ఉంది: ఆడియో తీగ మీది షీల్డ్, అక్కడి నుంచి ల్యాప్‌టాప్, దాని మూడు పిన్నుల చార్జర్, గోడ సాకెట్. వెంట్రుకల్లాంటి రాగి పోగుల అల్లికకు నా ప్రాణం కాపాడే పని అప్పగించానన్నమాట. ఆ తీగ ఊడదీసిన క్షణం నుంచి మిక్సర్ లోహపు పెట్టెకు ఏ ఆధారమూ లేదు.

ఆధారం లేని పెట్టె సున్నా వోల్టుల దగ్గర ఊరికే కూర్చోదు. ఇలాంటి పరికరాలలో కరెంటు లోపలికి వచ్చేచోట, రొద వడకట్టడానికి ఫేజు నుంచి పెట్టెకు ఒకటి, న్యూట్రల్ నుంచి పెట్టెకు ఒకటి చిన్న కెపాసిటర్లు (ఏసీ కరెంటును కాస్త మాత్రమే దాటనిచ్చే భాగాలు) ఉంటాయి. ఎర్త్ ఉన్నంతవరకు వాటి గుండా వచ్చే కాస్త కరెంటు పచ్చ తీగలోకి పోతుంది. ఎర్త్ తీసేస్తే ఆ రెండు కెపాసిటర్ల మధ్య పెట్టె వేలాడుతుంది. 230 వోల్టుల సరఫరాలో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దగ్గర. ఆ కరెంటు తక్కువే. కాని ఎంత తక్కువ అన్నదే అసలు ప్రశ్న. కంప్యూటర్ల వంటి పరికరాల భద్రత కోసం రాసిన పాత అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60950 రెండు పిన్నుల పరికరాలకు పెట్టిన లీకేజీ పరిమితి 0.25 మిల్లీఆంపియర్లు. ఎర్త్ ఉన్న పరికరాలలో చేత్తో పట్టుకునేవాటికి 0.75, మిగిలిన వాటికి 3.5 దాకా అనుమతించారు. ఈ 3.5 ఎందుకు అనుమతించారంటే, అది ఎర్త్ తీగలో పోతుందన్న నమ్మకంతో. ఆ తీగను మనం పీకేస్తే అంత కరెంటుకూ మిగిలే దారి మన ఒళ్లే. పరికరం చెడిపోయినప్పటి సంగతి ఇంకా చెప్పనే లేదు. ఇది పరికరం నిక్షేపంగా పనిచేస్తున్నప్పటి లెక్క.

ఇంతకీ ఆ మోతకు కారణం ఎర్త్ అని ఎందుకు అనుకుంటాం? ఎర్త్ తీస్తే మోత పోతుంది కాబట్టి. ఈ తర్కం ప్రకారం చెవులు మూసుకున్నా మోత పోతుంది, కనుక తప్పు చెవులదని కూడా అనవచ్చు.

తప్పు ల్యాప్‌టాప్‌నూ మిక్సర్‌నూ కలిపిన ఆడియో తీగది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ తీగలోని షీల్డ్ మీద మనం మోపిన బరువుది. ఆర్‌సీఏ (టీవీల వెనక ఎరుపు, తెలుపు రంగుల్లో కనిపించేది), 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్ వంటి మామూలు ఆడియో తీగల్లో లోపల సంకేతం వెళ్లే తీగ, చుట్టూ షీల్డ్ ఉంటాయి. బయటి రొద లోపలికి రాకుండా ఆ షీల్డ్ అడ్డు నిలబడాలి. సంకేతం తిరిగి వెళ్లే దారి కూడా అదే. రెండు పరికరాలకూ "సున్నా అంటే ఇది" అని చెప్పవలసిందీ అదే. రెండు పరికరాలూ గోడకు మూడు పిన్నులతో తగిలి ఉంటే, ఆ రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య పారే కరెంటును మోసే నాలుగో పని కూడా దాని నెత్తిన పడుతుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఇక్కడ నాలుగు దూర్చి, ఒర చిరిగిందని ఎర్త్ తీగను తిడుతున్నాం.

రెండు సాకెట్ల ఎర్త్‌లు ఒకే చోటికి వెళ్తున్నప్పుడు వాటి మధ్య తేడా ఎందుకు వస్తుంది? తీగకు ఎంతోకొంత నిరోధం ఉంటుంది కాబట్టి. ఇంట్లోని మూడు పిన్నుల పరికరాల్లో ప్రతిదీ తన వంతు లీకేజీని ఎర్త్ తీగలోకి వదులుతుంటుంది, దాంతో తీగ పొడవునా మిల్లీవోల్టుల తేడాలు ఏర్పడతాయి. ఇది ఒక కారణం. రెండో కారణం వలయం. గోడ సాకెట్, ల్యాప్‌టాప్, ఆడియో తీగ, మిక్సర్, మళ్లీ గోడ సాకెట్ - ఇదంతా ఒక్క చుట్టు చుట్టిన కాయిల్ లాంటిది. చుట్టుపక్కల కరెంటు తీగల, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం ఆ వలయంలో వోల్టేజీ పుట్టిస్తుంది. రెండు చదరపు మీటర్ల వలయంలో ఒక మైక్రోటెస్లా క్షేత్రం 50 హెర్ట్జ్ వద్ద సుమారు 0.6 మిల్లీవోల్టులు పుట్టిస్తుంది. గ్రౌండ్ లూప్ అన్న పేరు ఈ వలయానిదే.

0.6 మిల్లీవోల్టులతో ఏమవుతుందని తేలిగ్గా తీసేయకండి. షీల్డ్, దాని రెండు కొసల జాక్‌లు కలిపి 0.05 ఓమ్ అనుకుందాం. ఈ వలయపు వోల్టేజీ, ఎర్త్ తీగలోని తేడాలు కలిసి అందులో 20 మిల్లీఆంపియర్ల కరెంటును నడిపితే దాని రెండు కొసల మధ్య ఒక మిల్లీవోల్టు తేడా వస్తుంది. అవతలి పరికరానికి తెలిసింది లోపలి తీగకూ షీల్డ్‌కూ మధ్య తేడా ఒక్కటే. ఆ ఒక్క మిల్లీవోల్టు మోతో పాటో దానికి తెలియదు, రెండింటినీ కలిపి పెంచి స్పీకర్‌కు పంపిస్తుంది. ఇళ్లలో వాడే ఆడియో పరికరాల మామూలు సంకేత స్థాయి సుమారు 316 మిల్లీవోల్టులు. అంటే మోత పాట కంటే 50 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంది. 16 బిట్ల సీడీ సిద్ధాంతపరంగా 96 డెసిబెల్స్ ఇస్తుంది. అందులో దాదాపు సగం ఒక ఆడియో తీగ తొడుగు మింగేసింది. బంగారు పూత జాక్‌ల గురించి వాదించుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే బాగుండును.

మన మాటల్లోనూ కొంత గందరగోళం ఉంది. ఇంటి వైరింగ్ చేసేవాళ్లు "ఎర్త్" అంటారు, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు "గ్రౌండ్" అంటారు, తెలుగులోకి తెస్తే రెండూ భూమే. కాని ఒకదాని పని ప్రాణం కాపాడడం. లోహపు పెట్టెకు ఫేజు తగిలితే పెద్ద కరెంటు పారి ఫ్యూజు పోవాలి, దాని ఉద్యోగం అంతే. రెండోది సర్క్యూట్‌లో కొలతలన్నీ ఎక్కడి నుంచి మొదలుపెడతామో ఆ బిందువు. దానికి నేలతో చుట్టరికమే అక్కర్లేదు. ఆకాశంలో ఎగిరే విమానం నిండా గ్రౌండ్ కనెక్షన్లే, భూమికి తగిలినది ఒక్కటీ లేదు. జేబులోని ఫోనుకూ అంతే. షీల్డ్ ఈ రెండింటికీ చెందని మూడో జాతి. మూడింటికీ ఒకే గుర్తు గీసి, ఒకే పేరు పెట్టి, ఒకే స్క్రూకు బిగించి, ఆ తర్వాత మోత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తల పట్టుకుంటాం.

ఈ గందరగోళంలోంచి పుట్టిన అపోహల్లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది, భూమి ఒక పెద్ద కాలువ అనీ, చెత్త కరెంటునంతా అందులోకి వదిలేయవచ్చనీ అనుకోవడం. కరెంటు భూమిలోకి పోయి మాయం కాదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయలుదేరిందో అక్కడికే తిరిగి చేరాలి. ఈ అపోహ వల్లే కొందరు ఆడియో పరికరాలకో కంప్యూటర్లకో "శుభ్రమైన ఎర్త్" కావాలని విడిగా నేలలో కడ్డీ పాతి, పరికరాన్ని దానికి మాత్రమే కలిపి, ఇంటి ఎర్త్ నుంచి విడదీస్తారు. ఆ కడ్డీకి నేలతో 20 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. పరికరం లోపల ఫేజు పెట్టెకు తగిలితే 230 వోల్టులను 20తో భాగించగా వచ్చేది 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల బ్రేకర్‌కు అది మామూలు లోడు, కదలదు మెదలదు. పెట్టె మాత్రం ప్రాణాంతకమైన వోల్టేజీతో నిండి, ముట్టుకునేవాళ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. కరెంటు దారి తప్పితే సరఫరా ఆపేసే ఆర్‌సీడీ, అదీ 30 మిల్లీఆంపియర్లకు తెగేది, ఉంటే బతికిపోతాం. దగ్గర్లో పిడుగు పడినప్పుడు కథ ఇంకా ఘోరం. రెండు కడ్డీల మధ్య వేల వోల్టుల తేడా వస్తే, వాటిని కలిపే ఏకైక దారి మీ ముచ్చటైన ఆడియో తీగే. అదనపు కడ్డీ పాతుకోవాలనిపిస్తే పాతుకోండి, కాని దాన్ని తప్పకుండా ఇంటి ప్రధాన ఎర్త్‌కు మందపాటి తీగతో కలపండి.

రెండు పిన్నుల చార్జర్లున్న ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలు మెల్లగా జరిపితే జరజరమన్నట్టు ఉంటుంది కదా, అదీ ఈ కుటుంబంలోదే. చార్జర్‌లో కరెంటు వైపు నుంచి బయటికి వచ్చే వైపుకు ఒక కెపాసిటర్ ఉంటుంది, దాని లీకేజీ అది. పరిమితిలో ఉన్నంతవరకు ప్రాణానికి ప్రమాదం లేదు. కాని అలా ఎర్త్ లేకుండా తేలి ఉన్న రెండు పరికరాలను ఆన్‌లో ఉంచి కలిపితే మాత్రం ఆర్‌సీఏ జాక్ తన అసలు గుణం చూపిస్తుంది. దాని నడిమి పిన్ను ముందు తగులుతుంది, షీల్డ్ తర్వాత తగులుతుంది. ఆ మధ్యలోని క్షణకాలం తేడా అంతా సంకేతం వెళ్లే దారి మీదే పడి స్పీకర్ భళ్లున అరుస్తుంది. ముందు గ్రౌండ్ తగలాలన్న ఇంగితం లేకుండా తయారైన ఈ జాక్ ఇన్ని దశాబ్దాలు ఎలా చెలామణి అయిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఇవన్నీ పుస్తకాల భయాలు, ఎర్త్ లేకుండా ఎన్నేళ్లుగానో వాడుతున్నాం" అనేవాళ్లు ఉంటారు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటార్ వాద్యకారుడు లెస్ హార్వీ వేదిక మీదే ప్రేక్షకుల కళ్ల ముందు విద్యుదాఘాతంతో చనిపోయాడు. సరిగా ఎర్త్ లేని మైకును ముట్టుకోవడమే కారణం. గిటార్ తీగల ద్వారా ఒక పరికరానికి, మైకు ద్వారా ఇంకో పరికరానికి ఒకేసారి తగిలి ఉండే సంగీతకారుడు, నా పెదవీ ఎడమచేయీ ఉన్న స్థితిలోనే ప్రతి కచేరీలోనూ ఉంటాడు. నాకు తగిలింది లీకేజీ, ఆయనకు తగిలింది అంతకంటే చాలా పెద్దది. ఆ తేడా నా అదృష్టం, నా తెలివి కాదు.

మరి నిపుణులు కూడా "గ్రౌండ్ లిఫ్ట్" అనే మీట వాడతారు కదా? వాడతారు. గిటార్ వంటి వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే డీఐ పెట్టె మీది ఆ మీట సంకేతపు తీగలోని షీల్డ్‌ను ఒక కొసన విడదీస్తుంది, గోడ నుంచి వచ్చే ఎర్త్‌ను తాకదు. పేరు ఒకటే కావడంతో, దీన్ని చూసి దాన్ని చేయవచ్చనుకుంటారు. నాకు సలహా ఇచ్చిన పెద్దమనిషి బహుశా ఈ మీటను ఎక్కడో చూసి ఉంటాడు.

కాబట్టి వలయాన్ని తెంచవలసింది సంకేతం వైపే. అన్నిటికంటే చవకైన పని, కలిసి పనిచేసే పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, ఆడియో తీగను కరెంటు తీగల పక్కనే నడిపించడం. వలయం పోదు గాని చిక్కిపోతుంది, ఎర్త్‌ల మధ్య తేడా తగ్గుతుంది. చాలా ఇళ్లలో దీనితోనే పని అయిపోతుంది. తగ్గకపోతే ఆడియో తీగ మధ్యలో ఒకటికి ఒకటి నిష్పత్తి గల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, వలయంలో తిరిగే కరెంటు దాటలేదు. చవకరకం ట్రాన్స్‌ఫార్మర్ బేస్ స్వరాల దగ్గర నీరసపడిపోతుంది, ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు. డిజిటల్ ఆడియో అయితే కాంతి దారి ఉంది. 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్ తీగలో లోహమే లేదు, ఇక గ్రౌండ్ లూప్ ఎక్కడిది?

ఈ సమస్యను పుట్టకముందే చంపేసిన ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది: ఈథర్నెట్. ప్రతి పోర్టూ లోపలి సర్క్యూట్‌తో నేరుగా కలవకుండా వేరుగా ఉండాలని, ఆ ఎడం 1500 వోల్టుల పరీక్షకు తట్టుకోవాలని ఆ ప్రమాణంలోనే రాశారు; మామూలుగా పోర్టు వెనకున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ పని చేస్తుంది. అందుకే షీల్డ్ లేని నెట్‌వర్క్ తీగతో రెండు గదుల కంప్యూటర్లను కలిపితే ఏ మోతా రాదు. హెచ్‌డీఎంఐకి, యూఎస్‌బీకి ఆ బుద్ధి పుట్టలేదు. వాటి గ్రౌండ్ అటూ ఇటూ నేరుగా లోహంతో కలిసిపోతుంది. యూఎస్‌బీలో ఇంకో తమాషా ఉంది. పరికరానికి పోయే కరెంటు తిరిగి వచ్చే దారీ, సంకేతానికి సున్నా చెప్పే దారీ ఒకటే సన్నటి తీగ. మౌసు కదిలిస్తే స్పీకర్లో కిచకిచమనే చప్పుడు విని ఉంటే, అది కంప్యూటర్ లోపల మారుతున్న కరెంటుల ఛాయ. అది 50 హెర్ట్జ్ మోత కాదు, అయినా చాలాసార్లు వచ్చేది ఇదే గ్రౌండ్ దారిలో.

వినియోగదారులను ఇంతసేపు తిట్టాను కాబట్టి తయారీదారులకు కూడా వాళ్ల వాటా ముట్టజెప్పాలి. 1995లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో నీల్ మన్సీ ఒక లోపాన్ని ఎత్తిచూపాడు, ఇప్పుడు దాన్ని "పిన్ 1 సమస్య" అంటారు. మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్‌లో ఒకటో పిన్ను షీల్డ్‌ది. దాన్ని లోపలికి రాగానే లోహపు పెట్టెకు కలిపేయాలి, అప్పుడు షీల్డ్ మీది మురికి కరెంటు పెట్టె మీదుగానే బయటికి పోతుంది. అలా చేయకుండా దాన్ని సర్క్యూట్ బోర్డు మీది గ్రౌండ్‌కు టంకం పెడితే, ఆ మురికి అంతా సున్నితమైన సర్క్యూట్ గుండా ఊరేగుతుంది. గుమ్మం దగ్గర విడవాల్సిన చెప్పులతో నట్టింట్లోకి వచ్చినట్టు. రెండు తీగల మధ్య తేడానే సంకేతంగా మోసే బ్యాలెన్స్‌డ్ తీగ వాడినా మోత వచ్చే పరికరాల్లో చాలాసార్లు ఇదే దోషం. పాత జీఎస్‌ఎమ్ ఫోను దగ్గర పెడితే వినిపించే 217 హెర్ట్జ్ బర్ర్‌మనే చప్పుడుకు కూడా ఇది ఒక ముఖ్యమైన ద్వారం. 2005లో ఏఈఎస్48 అనే ప్రమాణం వచ్చి, షీల్డ్‌ను పెట్టెకే కలపాలని స్పష్టంగా చెప్పింది. పరికరానికి ఈ జబ్బు ఉందో లేదో తేల్చడం చాలా సులువు. ఒకటో పిన్ను నుంచి పెట్టెకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో కొద్దిపాటి ఏసీ కరెంటు పంపి వినాలి. మోత వస్తే పరికరం పరీక్ష తప్పినట్టే. ఇంత చిన్న పరీక్ష చేయకుండా పరికరాన్ని అమ్మి, మోత వస్తుందని అడిగితే "మీ ఇంటి ఎర్త్ చూసుకోండి" అనడం అత్త మీది కోపం దుత్త మీద చూపించడమే.

ఇది చెవులకు సంబంధించిన గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. చెవికి మోత వినిపిస్తుంది కాబట్టి కనీసం పట్టుబడుతుంది. కొలిచే పరికరాల్లో అదే తప్పు నిశ్శబ్దంగా అబద్ధం చెబుతుంది. ఉష్ణోగ్రత కొలిచే కె రకం థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. పైన చెప్పిన ఒక్క మిల్లీవోల్టు అక్కడ దూరితే కొలత దాదాపు 24 డిగ్రీలు తప్పుతుంది. చిన్న మోటారునూ, సెన్సర్‌నూ ఒకే గ్రౌండ్ తీగ మీద నడిపి, మోటారు తిరిగినప్పుడల్లా సెన్సర్ పిచ్చి లెక్కలు చెబుతోందని ప్రోగ్రాంలో తప్పు వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండు ఆంపియర్లు 0.1 ఓమ్ తీగలో పారితే 0.2 వోల్టులు; ఏ ప్రోగ్రామూ దాన్ని సరిదిద్దలేదు. యంత్రాలు దూరంగా ఉండి సమాచారం పంపుకునే ఆర్‌ఎస్-485 తీగల్లో రెండు తీగల మధ్య తేడానే సంకేతం కాబట్టి గ్రౌండ్ అక్కర్లేదని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ తీగలు రిసీవర్ గ్రౌండ్ నుంచి మైనస్ 7, ప్లస్ 12 వోల్టుల హద్దులు దాటకూడదు. దూరపు భవనంలో ఆ హద్దు ఒక్క ఉరుముల రాత్రి చాలు దాటడానికి. భవనాల మధ్య రాగి తీగ లాగకండి, కాంతిని మోసే ఫైబర్ లాగండి.

వోల్టేజీ మార్పులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపుల దగ్గర ఎర్త్ పీకే దురలవాటు మరీ బలంగా ఉంది. ప్రోబు గ్రౌండ్ క్లిప్పు లోపల నేరుగా గోడ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని కరెంటు సరఫరాతో నేరుగా నడిచే సర్క్యూట్‌కు తగిలిస్తే ఠప్పున పేలుతుంది. అందుకని స్కోపు ఎర్త్ తీసేస్తారు. అప్పుడు పేలుడు ఉండదు, కాకపోతే స్కోపు మీది ప్రతి జాకూ, ప్రతి లోహపు భాగమూ ఫేజులా మారుతుంది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఆ పనికి, ఎర్త్‌కు కలపకుండానే రెండు బిందువుల మధ్య తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రోబు ఉంది.

నా మిక్సర్ సంగతి చెప్పి ముగిస్తాను. పెదవి జివ్వుమన్న రోజే పచ్చ తీగను మళ్లీ బిగించి, పెట్టె నుంచి ఎర్త్ పిన్నుకు నిరోధం కొలిచాను. మోత తిరిగి వచ్చింది, రావాలి కూడా. ఈసారి ఒక్కో తీగనే ఊడదీస్తూ, ఏది తీస్తే ఆగుతుందో రాసుకుంటూ వెళ్లాను. అనుమానమంతా ల్యాప్‌టాప్ మీదే ఉన్నా, చివరి స్పీకర్ వైపు నుంచే వెనక్కి వచ్చాను. వరస తప్పితే ఒకదాని మోత ఇంకొకదానికి అంటగడతాం. అంతా తిరిగి ఆ ఒక్క ఆడియో తీగ దగ్గరే తేలింది. అక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టాను, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. చార్జర్ తగిలించి, వాల్యూము పూర్తిగా పెంచి, చెవి స్పీకర్‌కు ఆనించి విన్నాను. సన్నటి ఊపిరి లాంటి చప్పుడు తప్ప ఏమీ లేదు. మైకుకు పెదవి ఆనించే ధైర్యం మాత్రం, మల్టీమీటర్‌తో కొలిచి సున్నా చూశాకే వచ్చింది.